వరుస ఒకట్లు: సాఫ్ట్‌వేర్ క్లాకుతో హెచ్‌ఎక్స్711ను చదివినప్పుడు దొరికిన తప్పు

పశ్చిమ గోదావరి జిల్లాలో ఒక రొయ్యల చెరువు గట్టు మీద మేత వేసే యంత్రం ఒకటి ఉంది. దాని బరువు చూసే బోర్డు, అందులోని ప్రోగ్రాము రెండూ నేను తయారు చేసినవే. ఆ బోర్డు నెలలో మూడు నాలుగు సాయంత్రాలు బరువును తప్పుగా లెక్కగట్టేది. మిగతా రోజుల్లో పూర్తిగా సరిగ్గా పనిచేసేది. తప్పు మూలం దొరకడానికి నాకు దాదాపు రెండు నెలలు పట్టింది. దొరికాక చూస్తే దానికి విద్యుత్తుతో, తీగలతో, బరువును విద్యుత్ సంకేతంగా మార్చే లోడ్ సెల్‌తో ఏ సంబంధమూ లేదు. ఆ సంకేతాన్ని అంకెగా మార్చే చిప్పు పేరు హెచ్‌ఎక్స్711. అది అంకెను ఒక్కో బిట్టుగా, అంటే సున్నా లేదా ఒకటిగా పంపుతుంది. తర్వాతి బిట్టు పంపమని దానికి సైగ చేసేది క్లాకు తీగ. ఆ తీగను పైస్థాయిలో (వోల్టేజీ ఉన్న స్థితిలో) ఉంచి, కిందికి దించే లోపు నా ప్రోగ్రాము మరో పనికి వెళ్ళిపోయేది. ఇదే చిప్పును ఇదే పద్ధతిలో చదివే వారు చాలామంది ఉన్నారు కాబట్టి జరిగినదంతా వివరంగా రాస్తున్నాను.

యంత్రం, దాని కొలత

మేత తొట్టి ఇనుప ఫ్రేముకు వేలాడుతుంది. ఫ్రేముకూ తొట్టికీ మధ్య 100 కిలోల సామర్థ్యం గల ఎస్ ఆకారపు లోడ్ సెల్ ఉంది. ఖాళీ తొట్టి బరువు 18 కిలోలు. ఆ పూట ఎన్ని కిలోల మేత పడాలో రైతు బోర్డు మీద పెట్టి బటన్ నొక్కుతారు. అయిదు సెకన్లు బజర్ మోగుతుంది. ఆ తర్వాత బోర్డు అప్పటి బరువును గుర్తుపెట్టుకుని మోటారును తిప్పుతుంది. గుర్తుపెట్టుకున్న బరువులోంచి చెప్పినన్ని కిలోలు తగ్గగానే మోటారును ఆపేస్తుంది. అంటే మొదట గుర్తుపెట్టుకునే ఆ ఒక్క అంకె తప్పయితే ఆ పూట మేతంతా తప్పుతుంది. మేత తక్కువ పడితే రొయ్య ఎదగదు. ఎక్కువ పడితే తినకుండా మిగిలినది చెరువు అడుగున కుళ్ళి నీటిని పాడు చేస్తుంది. రైతుకు రెండూ నష్టమే.

లోడ్ సెల్ ఇచ్చే సంకేతం చాలా చిన్నది. నేను వాడిన సెల్‌కు వోల్టుకు 2 మిల్లీవోల్టుల లెక్కన వస్తుంది. బోర్డు దానికి సుమారు 4.3 వోల్టులు ఇస్తుంది కాబట్టి పూర్తి 100 కిలోలకు 8.6 మిల్లీవోల్టులే. దీన్ని 128 రెట్లు పెంచి 24 బిట్ల అంకెగా మార్చేది హెచ్‌ఎక్స్711 అనే చిప్పు. సెల్‌కు ఇచ్చే వోల్టేజీ, చిప్పు కొలమానంగా తీసుకునే వోల్టేజీ ఒకటే కనుక సరఫరా కొద్దిగా అటూఇటూ అయినా లెక్క మారదు. 0.002ను 128తో గుణించి 0.5తో భాగిస్తే 0.512. చిప్పు పరిధిలో ఒక వైపు ఉన్న 83,88,608 మెట్లలో 0.512 వంతు, అంటే దాదాపు 42,95,000 మెట్లు, 100 కిలోలకు సమానం. కిలోకు సుమారు 42,950. ఈ అంకె ముందు ముందు చాలాసార్లు పనికొస్తుంది.

హెచ్‌ఎక్స్711కు మామూలు ఎస్‌పీఐ (చిప్పుల మధ్య డేటా పంపే ఒక ప్రామాణిక పద్ధతి) ఉండదు. ఉన్నవి రెండే తీగలు. డేటా తీగ కిందికి పడితే కొత్త కొలత సిద్ధమైందని అర్థం. అప్పుడు మైక్రోకంట్రోలర్ (బోర్డులో ప్రోగ్రామును నడిపే చిప్పు) క్లాకు తీగను పైకి కిందికి ఆడిస్తుంది. ఒక్కో ఆటకు ఒక్కో బిట్టు, పెద్ద బిట్టు నుంచి మొదలై బయటికి వస్తుంది. 24 బిట్లు అయ్యాక మరో ఆట ఆడిస్తే డేటా తీగ మళ్ళీ పైకి వెళ్తుంది. మొత్తం ఆటల సంఖ్య 25 అయితే తర్వాతి కొలత మొదటి దారిలో (చిప్పులోకి సంకేతం వచ్చే దారులు రెండు) 128 రెట్లతో, 26 అయితే రెండో దారిలో 32 రెట్లతో, 27 అయితే మొదటి దారిలో 64 రెట్లతో జరుగుతుంది. బైట్ల చొప్పున నడిచే హార్డ్‌వేర్ ఎస్‌పీఐకి ఈ 25 అనే సంఖ్య సరిపడదు. అందుకే ఎక్కువమంది మామూలు పిన్నులనే ప్రోగ్రాముతో ఆడించి చదువుతారు. దీన్నే బిట్ బ్యాంగింగ్ అంటాం. నేనూ అదే చేశాను. కంట్రోలర్ 16 మెగాహెర్ట్జ్‌తో నడిచే ఏటీమెగా328పీ. ఆర్డుయినో లైబ్రరీలో పిన్నును మార్చే మామూలు ఫంక్షన్‌నే వాడాను. దానికి ఒక్కో పిలుపుకు నాలుగైదు మైక్రోసెకన్లు పడుతుంది.

సాఫ్ట్‌వేర్ క్లాకు మీద నాకు అప్పటికే గట్టి నమ్మకం ఉండేది. అంతకుముందు కొన్నేళ్ళు ఎంసీపీ3208 అనే 12 బిట్ల చిప్పును ఇలాగే చదివాను. అది ఎస్‌పీఐ చిప్పు. క్లాకు మధ్యలో కాసేపు ఆగినా అది ఓపిగ్గా ఆగుతుంది. దానికీ ఒక హద్దు ఉంది. లోపలి చిన్న కెపాసిటర్‌లో పట్టుకున్న చార్జీ కారిపోకముందే 12 బిట్లూ చదివేయాలి. 85 డిగ్రీల వేడిలో కూడా 1.2 మిల్లీసెకన్ల వరకు సరైన విలువ నిలుస్తుందని దాని డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) హామీ ఇస్తుంది. ఆ హద్దు దాటినప్పుడు కూడా విలువ కొద్దికొద్దిగా జారుతుందే తప్ప చిప్పు తిరగబడదు. బిట్ బ్యాంగింగ్‌లో ఆలస్యం వల్ల ప్రమాదం ఉండదన్న అభిప్రాయం నాలో అలా స్థిరపడింది. కొత్త చిప్పు డేటాషీట్‌లో సమయాల పట్టికను నేను చదివాను. కానీ ఆ అభిప్రాయంతోనే చదివాను.

రైతు చెప్పినది

"ఏరేటర్లు వేసిన సాయంత్రాల్లోనే లెక్క తప్పుతోందండీ" అన్నారు రైతు. ఏరేటర్లంటే చెరువు నీటికి గాలి అందించే మోటారు యంత్రాలు. పన్నెండు కిలోలు పెడితే ఒక సాయంత్రం తొమ్మిదే పడ్డాయి. ఇంకో సాయంత్రం ఆరే. ఒక రోజు బజర్ మోగింది, మోటారు ఒక్క క్షణం కదిలి ఆగిపోయింది, ఫోనుకు మాత్రం మేత పూర్తయిందని మెసేజ్ వచ్చింది. ఒకసారి పద్దెనిమిది కిలోల పైన పడిపోయాయి. ఆయన ప్రతి పూటా పుస్తకంలో రాసుకుంటారు. పొద్దుటి పూట, మధ్యాహ్నం పూట ఒక్క తప్పూ లేదు. సాయంత్రం చివరి మేతకు మాత్రం ఆయన షెడ్డులోకి వచ్చి ముందు ఏరేటర్ల స్టార్టర్ నొక్కి, వెంటనే పక్కనున్న నా బోర్డు బటన్ నొక్కుతారు.

మోటార్లు, వాటికి కరెంటు కలిపే కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్, వాటి పక్కనే మిల్లీవోల్టుల్లో సంకేతం. ఇది విన్న ఎవరికైనా విద్యుత్ అలజడి అనే తోస్తుంది. నాకూ అదే తోచింది. లోడ్ సెల్ కేబుల్ కవచాన్ని ఒక్క చివరనే భూమికి కలిపాను. కేబుల్‌ను మోటారు తీగలకు దూరంగా మళ్ళించాను. అలజడిని అణిచే ఫెరైట్ రింగులు వేశాను. కాంటాక్టర్ కాయిల్ మీద వోల్టేజీ ఎగుడును తగ్గించే స్నబ్బర్ పెట్టాను. ఇవన్నీ చేయదగిన పనులే, వాటిని ఇప్పటికీ తీయలేదు. తప్పు మాత్రం పోలేదు.

తర్వాత మోడెమ్ మీద అనుమానం వచ్చింది. బోర్డులో ఒక 2జీ మోడెమ్ ఉంది. ఏరేటర్లు ఆన్ అయినా, ఆఫ్ అయినా, మేత పూర్తయినా రైతు ఫోనుకు మెసేజ్ పంపుతుంది. ఇలాంటి మోడెమ్ ప్రసారం చేసేటప్పుడు 2 ఆంపియర్ల వరకు తుళ్ళింతలుగా లాగుతుంది. జీఎస్‌ఎం ఫ్రేము నిడివి 4.615 మిల్లీసెకన్లు కాబట్టి ఆ తుళ్ళింతలు సెకనుకు 217 సార్లు వస్తాయి. రేడియో పక్కన 2జీ ఫోను పెడితే వినిపించే గరగర అదే. మోడెమ్‌కు వేరే విద్యుత్ సరఫరా ఇచ్చి, దాని దగ్గరే పెద్ద కెపాసిటర్ పెట్టాను. తప్పు అప్పుడూ పోలేదు.

ఈ రెండు ప్రయత్నాల్లోనూ నేను చూస్తున్నది కిలోల్లో, ఎనిమిది కొలతల సగటు తీసిన తర్వాతి అంకె. అసలు చిప్పు నుంచి ఏం వస్తోందో ఒక్కసారీ చూడలేదు. ఇదే చాలా రోజులు వృథా చేసింది.

ముడి అంకెలు

మూడోసారి వెళ్ళినప్పుడు లాప్‌టాప్ షెడ్డులోనే పెట్టి, చిప్పు ఇచ్చే ప్రతి అంకెనూ సగటు తీయకుండా, వచ్చిన సమయం మిల్లీసెకన్లలో పక్కన వేసి, డీబగ్ పోర్టు నుంచి రాయించాను. సెకనుకు పది కొలతలు. కొన్ని సాయంత్రాల తర్వాత రైతు ఫోన్ చేసి "నిన్న మళ్ళీ తొమ్మిదే పడ్డాయండీ" అన్నారు. వెళ్ళి ఫైలు తెరిచాను.

సాయంత్రం మేతకు ముందు తొట్టి, మేత కలిపి ఎప్పుడూ దాదాపు 50 కిలోలే ఉంటాయి. సెల్ సున్నా తేడాను పక్కన పెట్టి చెబితే అంకెలు 21,47,484 చుట్టూ ఉండాలి. అలాగే ఉన్నాయి, చివరి రెండు మూడు అంకెలు ఊగుతూ. ఆ వరుస మధ్యలో ఒక్క చోట 31,45,727. దాని ముందూ వెనకా అంతా మామూలే. ఫైల్లో ఇంకా వెతికితే రాత్రి వేళ ఒక చోట 41,94,303, మరో చోట 83,88,607 కనిపించాయి. ఒక చోట -1.

83,88,607 చూడగానే లోడ్ సెల్ తీగ వదులైందనుకున్నాను. సంకేతం పరిధి దాటితే ఈ చిప్పు ఇచ్చే గరిష్ఠ విలువ సరిగ్గా అదే. కనెక్టర్ మార్చి టంకం వేసేందుకు సామాను తీశాను కూడా. కానీ ఆగి రెండో అంకెను మళ్ళీ చూశాను. 41,94,303. 22 రెండ్లను ఒకదానితో ఒకటి గుణిస్తే 41,94,304. దానికి సరిగ్గా ఒకటి తక్కువ. అలజడి గానీ వదులు తీగ గానీ ఇంత కచ్చితమైన అంకెను ఇవ్వదు. అంకెలన్నిటినీ బైనరీలో రాసి చూశాను.

సరైనది: 0010 0000 1100 0100 1001 1100
31,45,727: 0010 1111 1111 1111 1111 1111
41,94,303: 0011 1111 1111 1111 1111 1111
83,88,607: 0111 1111 1111 1111 1111 1111
-1: 1111 1111 1111 1111 1111 1111

ఇక అర్థం కావడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. ప్రతి తప్పు అంకె మొదలు సరైన అంకె మొదలుతో కలుస్తోంది. ఎక్కడో ఒక బిట్టు దగ్గర తెగిపోయి అక్కడి నుంచి చివరిదాకా అన్నీ ఒకట్లే. చదవడం మొదలైన తర్వాత, మధ్యలో, డేటా తీగ పైకి వెళ్ళి అక్కడే ఉండిపోయింది. -1లో అది మొదటి బిట్టు దగ్గరే జరిగింది. 83,88,607లో మొదటి బిట్టు తర్వాత. అది సెల్ పరిధి దాటిన గుర్తు కానే కాదు, యాదృచ్ఛికంగా అదే రూపంలో వచ్చిన తప్పు.

రైతు పుస్తకం తీసి లెక్క వేశాను. 31,45,727 అంటే 73.24 కిలోలు, అసలు కంటే 23.24 ఎక్కువ. ఎనిమిదింటి సగటులో ఒక్కటి ఇలా వస్తే సగటు 2.9 కిలోలు పెరుగుతుంది. మొదటి బరువు 2.9 ఎక్కువగా గుర్తుపెట్టుకుంటే పన్నెండుకు 9.1 కిలోలే పడతాయి. 41,94,303 అయితే సగటు దాదాపు 6 కిలోలు పెరుగుతుంది, ఆరే పడతాయి. 83,88,607 అయితే 18 పెరుగుతుంది. మోటారు తిరగకముందే పన్నెండు "తగ్గినట్టు" లెక్క. -1 అయితే సగటు 6.25 తగ్గుతుంది, పద్దెనిమిది పావు పడతాయి. పుస్తకంలోని నాలుగు రకాల సాయంత్రాలూ నాలుగు అంకెలకూ సరిపోయాయి. ఆయన ఇంత జాగ్రత్తగా రాసి ఉండకపోతే ఈ నిర్ధారణ నాకు దొరికేది కాదు.

ఫైల్లో ఇంకో విషయం కూడా ఉంది. కొలతలు 100 మిల్లీసెకన్లకు ఒకటి రావాలి. ప్రతి తప్పు అంకె తర్వాతా అలా కాకుండా దాదాపు 400 మిల్లీసెకన్ల ఖాళీ ఉంది. సెకనుకు పది కొలతల వేగంలో, రీసెట్ అయ్యాక ఈ చిప్పు స్థిరపడడానికి పట్టే సమయమని డేటాషీట్ చెప్పేది సరిగ్గా 400 మిల్లీసెకన్లు. అంటే చదవడం మధ్యలో చిప్పు రీసెట్ అవుతోంది.

అరవై మైక్రోసెకన్లు

హెచ్‌ఎక్స్711లో క్లాకు తీగకు రెండు పనులు. ఒకటి బిట్లను బయటికి లాగడం. రెండోది చిప్పును నిద్రపుచ్చడం. క్లాకు 60 మైక్రోసెకన్ల కంటే ఎక్కువ సేపు పైస్థాయిలో ఉంటే చిప్పు నిద్రలోకి వెళ్తుంది. మళ్ళీ కిందికి దించగానే రీసెట్ అయి మొదటి నుంచి కొలత మొదలుపెడుతుంది. పైస్థాయి నిడివి 0.2 నుంచి 50 మైక్రోసెకన్ల మధ్య ఉండాలని పట్టికలో ఉంది. కిందిస్థాయికి కనీసం 0.2 అని ఉంది, గరిష్ఠం లేదు. ఈ పట్టికను నేను చదివినప్పుడు కనీసాలను మాత్రమే పట్టించుకున్నాను. నా ప్రోగ్రాము నెమ్మదైనది కాబట్టి కనీసాలన్నీ ఎలాగూ దాటుతుంది, భయం లేదనుకున్నాను. కింద ఎంతసేపైనా ఆగవచ్చు, పైన మాత్రం ఆగకూడదు అన్న తేడా అప్పుడు నా మనసుకు ఎక్కలేదు.

నా ప్రోగ్రాములో పైస్థాయి మామూలుగా తొమ్మిది పది మైక్రోసెకన్లే. దాన్ని 60 దాటించేది ఇంటరప్ట్, అంటే నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి ప్రాసెసర్ వేరే తక్షణ పనికి వెళ్ళడం. టైమర్ ఇంటరప్ట్ కొద్ది మైక్రోసెకన్లలో ముగుస్తుంది, అది కారణం కాదు. ఈ కంట్రోలర్‌లో హార్డ్‌వేర్ సీరియల్ పోర్టు ఒక్కటే. దాన్ని డీబగ్‌కు ఉంచుకుని మోడెమ్‌ను సాఫ్ట్‌వేర్ సీరియల్ లైబ్రరీతో వేరే పిన్నులకు కలిపాను. ఆ లైబ్రరీ ఒక అక్షరం మొదలవగానే ఇంటరప్ట్‌లోకి వెళ్ళి, బిట్టు బిట్టుకూ ఆగుతూ, అక్షరం మొత్తం అయ్యేదాకా బయటికి రాదు. సెకనుకు 9600 బిట్ల వేగంలో ఒక్కో బిట్టుకు 104 మైక్రోసెకన్లు, అక్షరానికి దాదాపు ఒక మిల్లీసెకను. క్లాకు పైన ఉన్న క్షణంలో మోడెమ్ ఒక్క అక్షరం పలికితే చాలు, క్లాకు మిల్లీసెకను పాటు పైనే నిలబడిపోతుంది. అరవై మైక్రోసెకన్లు ఎప్పుడో దాటిపోతాయి.

ఏరేటర్లతో సంబంధం కూడా ఇక్కడే తేలింది. రైతు చెప్పినది అక్షరాలా నిజం. ఏరేటర్ ఆన్ కాగానే బోర్డు మెసేజ్ పంపుతుంది. కొన్ని సెకన్ల తర్వాత మోడెమ్ "పంపాను" అని జవాబిస్తుంది. ఆ జవాబు ఇరవై అక్షరాలు, దాదాపు 21 మిల్లీసెకన్లు. ఆయన ఏరేటర్ స్టార్టర్ తర్వాత వెంటనే మేత బటన్ నొక్కడం వల్ల, అయిదు సెకన్ల బజర్ ముగిసి మొదటి బరువు తీసుకునే సమయానికే ఆ జవాబు వచ్చే అవకాశం ఉంది. అక్షరాలు వెంటవెంటనే వస్తున్నప్పుడు రెండింటి మధ్య మెయిన్ ప్రోగ్రాముకు దొరికే వ్యవధి చాలా తక్కువ, రెండు మూడు బిట్లు చదివేలోపే తర్వాతి అక్షరం వచ్చేస్తుంది. అందుకే తెగేది ఎక్కువగా మొదటి బిట్లలో, అంటే కిలోల్లో తేడా తెచ్చే చోట. రాత్రి వేళ కనిపించిన తప్పులు ఏరేటర్లు మారినప్పటి మెసేజ్‌లవే. అప్పుడు మేత నడవదు కాబట్టి ఎవరూ గమనించలేదు.

ఇంట్లో బల్ల మీద పరీక్షించినప్పుడు ఈ తప్పు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. బరువు పరీక్షలు మోడెమ్ బిగించకుండా, మోడెమ్ పరీక్షలు బరువు పట్టించుకోకుండా చేశాను. రెండూ కలిసి నడిచింది చెరువు గట్టు మీదే.

నిరూపణకు మోడెమ్ స్థానంలో మరో చిన్న బోర్డు పెట్టి, 9600 వేగంతో ఆగకుండా అక్షరాలు పంపించాను. నెలకు మూడు నాలుగుసార్లు వచ్చే తప్పు ఇప్పుడు దాదాపు ప్రతి కొలతలోనూ వచ్చింది. తీగలు పైకీ కిందికీ మారడాన్ని గీతలుగా చూపే లాజిక్ అనలైజర్ తెరమీద అది స్పష్టంగా కనిపించింది. క్లాకు రెండు సన్నని గీతల తర్వాత మూడోది మిల్లీసెకను వెడల్పున పైన నిలబడింది. ఆ వెడల్పు గీత లోపలే డేటా తీగ పైకి లేచింది. మిగతా ఇరవైకి పైగా ఆటలు ఆడినా అది కిందికి రాలేదు.

మొదటి మరమ్మతు, దాని దెబ్బ

వెంటనే తోచే మరమ్మతు చదువుతున్నంతసేపూ ఇంటరప్ట్‌లను ఆపడం. అదే చేశాను. బరువు తప్పులు పూర్తిగా పోయాయి. వారం తిరక్కుండా రైతు ఫోన్ చేశారు. "బరువు బాగుందండీ, కానీ ఒకే మెసేజ్ రెండేసి సార్లు వస్తోంది."

నా నెమ్మది ప్రోగ్రాములో 25 ఆటలకు పట్టేది 375 మైక్రోసెకన్ల పైనే. అంటే సీరియల్ లెక్కలో మూడున్నర బిట్ల కాలం. ఆ సమయంలో మోడెమ్ అక్షరం మొదలైతే ఇంటరప్ట్ ఆలస్యంగా లేచి, బిట్లను పక్కకు జరిపి చదువుతుంది. మోడెమ్ జవాబు చెల్లని అక్షరాలుగా మారేది. మెసేజ్ వెళ్ళలేదనుకుని బోర్డు మళ్ళీ పంపేది. ఒక సీరియల్ సంభాషణను కాపాడడానికి ఇంకోదాన్ని చెడగొట్టాను. రెండూ సాఫ్ట్‌వేర్‌తో నడుస్తున్నప్పుడు రెండింటికీ కావలసింది ఒకే ప్రాసెసర్ సమయం. ఎవరికి ఎంతసేపు గట్టిగా కావాలో విడివిడిగా కొలిచి చూడకుండా ఒకరికే మొత్తం ఇచ్చేయడం నేను చేసిన రెండో తప్పు.

సరైన మరమ్మతు డేటాషీట్‌లోని ఆ తేడాలోనే ఉంది. పైస్థాయికి మాత్రమే గడువుంది, కిందిస్థాయికి లేదు. కాబట్టి ఒక్కో బిట్టుకు ఇంటరప్ట్‌లను ఆపి, క్లాకు పైకెత్తి, బిట్టు చదివి, క్లాకు దించి, మళ్ళీ ఇంటరప్ట్‌లను అనుమతించాలి. మోడెమ్ అక్షరం వస్తే రానివ్వాలి, క్లాకు కింద ఉంది కాబట్టి చిప్పు ఆగుతుంది. లైబ్రరీ ఫంక్షన్లు తీసేసి, కంట్రోలర్‌లో పిన్నుల స్థితిని పట్టి ఉంచే పోర్టు రిజిస్టర్‌నే నేరుగా మార్చాను. 16 మెగాహెర్ట్జ్‌లో ఒక సైకిల్ 62.5 నానోసెకన్లు, పిన్నును ఎత్తే ఆదేశానికి రెండు సైకిళ్ళు. డేటా తీగ స్థిరపడడానికి క్లాకు లేచాక 0.1 మైక్రోసెకన్ల వరకు పట్టవచ్చు, కనీస పైస్థాయి 0.2. అందుకని మధ్యలో కొన్ని ఖాళీ సైకిళ్ళు వేసి, పైస్థాయిని అర మైక్రోసెకనుకు పైగా, ఒక మైక్రోసెకను లోపు ఉంచాను. ఇంటరప్ట్‌లు ఆగేది ఒక్కోసారి మైక్రోసెకను మాత్రమే. 104 మైక్రోసెకన్ల బిట్టులో అది నూటికి ఒక వంతు, సాఫ్ట్‌వేర్ సీరియల్‌కు తెలియనైనా తెలియదు. వేగం పెరిగినందువల్ల రెండు అక్షరాల మధ్య దొరికే చిన్న వ్యవధిలోనే చాలా బిట్లు చదవడం పూర్తవుతుంది, తర్వాతి కొలత వచ్చేందుకు ఇంకా ఎంతో సమయం మిగులుతుంది.

ఇంటరప్ట్‌లను మళ్ళీ అనుమతించేటప్పుడు చిన్న జాగ్రత్త ఒకటి. గుడ్డిగా "అనుమతించు" అనకుండా, ఆపకముందు ఏ స్థితిలో ఉన్నాయో దాచి ఆ స్థితికే తిరిగి తేవాలి. ఈ ఫంక్షన్‌ను రేపు ఇంకెవరైనా ఇంటరప్ట్‌లు ఆపిన చోటి నుంచి పిలిస్తే వాళ్ళ రక్షణను మనం తెంచకూడదు.

హార్డ్‌వేర్ ఎస్‌పీఐతోనే ఈ చిప్పును చదివే ఒక అందమైన మార్గం కూడా ఉంది. ఎస్‌పీఐ క్లాకును వదిలేసి, డేటా బయటికి పంపే పిన్నును చిప్పు క్లాకుకు కలుపుతారు. 10101010 అనే బైటు పంపితే నాలుగు ఆటలు. అలాంటి బైట్లు ఆరు పంపితే 24 ఆటలు, ఆ తర్వాత 10000000 పంపితే 25వది. ప్రతి బైటూ సున్నాతో ముగుస్తుంది కనుక బైట్ల మధ్య ప్రోగ్రాము ఎంత ఆలస్యం చేసినా క్లాకు కిందే ఉంటుంది. బోర్డు పిన్నులు అప్పటికే పంచేసి ఉండడంతో నేను దీన్ని వాడలేకపోయాను. రాస్ప్‌బెర్రీ పై లాంటి లైనక్స్ బోర్డుల మీద ఈ చిప్పును చదివేవారికి మాత్రం ఇదే మంచిదని నా అభిప్రాయం. అక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ ప్రోగ్రామును ఎప్పుడు పక్కన పెడుతుందో చెప్పలేం, మామూలు ప్రోగ్రాము ఇంటరప్ట్‌లను ఆపనూ లేదు.

తర్వాత చేసిన బోర్డులో మోడెమ్‌ను హార్డ్‌వేర్ సీరియల్ పోర్టుకు మార్చి, డీబగ్‌ను సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చాను. డీబగ్ ఎప్పుడూ బయటికి పంపడమే, అదీ నేను ఎంచుకున్న సమయంలో. బిట్టు బిట్టుకూ పెట్టిన రక్షణ మాత్రం అలాగే ఉంచాను.

నిఘా

తప్పు పోయిందని ఎలా తెలుసుకోవాలి? నెలకు మూడుసార్లు వచ్చేది రెండు వారాలు రాకపోతే పోయినట్టు కాదు. ఒకట్లతో ముగిసే అంకెలను పట్టుకుందామంటే, సరైన కొలత కూడా ఒక్కోసారి నాలుగైదు ఒకట్లతో ముగియవచ్చు. నమ్మదగిన గుర్తు ఆ 400 మిల్లీసెకన్ల ఖాళీయే. ఒక కొలత చదివాక తర్వాతిది 150 మిల్లీసెకన్లలో సిద్ధం కాకపోతే చిప్పు రీసెట్ అయిందని భావించి, అంతకుముందు చదివినదాన్ని పారేసి, ఒక లెక్కను ఒకటి పెంచేలా రాశాను. దీనివల్ల ప్రతి కొలతనూ 150 మిల్లీసెకన్లు ఆగి నిర్ధారించుకున్నాకే వాడాలి. మేత యంత్రానికి ఆ ఆలస్యం లెక్కలోది కాదు. వేరే దారినో వేరే పెంపునో వాడేవారికి ఈ నిఘా ఇంకా అవసరం. రీసెట్ తర్వాత చిప్పు మొదటి దారికి, 128 రెట్లకు తిరిగి వెళ్తుంది కాబట్టి వారికి తర్వాతి కొలత కూడా వేరే కొలమానంలో వస్తుంది.

సగటును కూడా మార్చాను. మొదటి బరువును ఇప్పుడు ఎనిమిది కొలతల సగటుగా కాక, తొమ్మిదింటిని వరుసలో పేర్చి మధ్యదాన్ని తీసుకుంటున్నాను. ఇది తప్పుకు మందు కాదు. మూలం దొరికాకే దీన్ని పెట్టాను. ముందే పెట్టి ఉంటే తప్పు కనిపించకుండా దాగిపోయేది, చిప్పు మాత్రం రీసెట్ అవుతూనే ఉండేది.

రోజంతటి రీసెట్ల సంఖ్యను రాత్రి మెసేజ్‌లో చివరి అంకెగా చేర్చాను. కొత్త ప్రోగ్రాము ఎక్కించిన రోజు రాత్రే అక్కడ 1 వచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే వెళ్ళి ఫైలు చూస్తే ఆ ఒకటి సాయంత్రం 6 గంటల ప్రాంతంలో, కరెంటు పోయి వచ్చిన నిమిషంలో నమోదైంది. విద్యుత్ వచ్చాక చిప్పు మొదటిసారి స్థిరపడడానికి తీసుకునే 400 మిల్లీసెకన్లనే నా లెక్క రీసెట్‌గా తీసుకుంది. మొదటి కొలత వచ్చిన తర్వాతే లెక్క మొదలయ్యేలా సరిచేసి, ఏరేటర్ల స్టార్టర్, మేత బటన్ ఒకదాని వెంట ఒకటి నొక్కమని రైతును అడిగాను. పన్నెండు కిలోలు పడ్డాయి. మెసేజ్ ఒక్కటే వచ్చింది. ఆ రాత్రి చివరి అంకె 0.